పళ్ళ మధ్య దారం

పోయిన వారం భాగం చివర మీరు నన్ను వదిలి వెళ్ళింది ఆసుపత్రి మెట్ల మీద. అప్పటికి నా చేతిలో డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం, మొహానికి మాస్కు, మాస్కు కింద ఇరవై ఒక్క రోజుల గడ్డం ఉన్నాయి. అవును, గడ్డమే. మా పార్లర్ బోర్డు మీద రాసినట్టు 'అవాంఛిత రోమాలు' అని మర్యాదగా చెప్పుకునే ఓపిక నాకిప్పుడు లేదు.

నాకు ఇరవై ఏడేళ్ళు. ఎనిమిది నెలలుగా నెలసరి లేదు. స్కానింగు తీస్తే గర్భసంచి లోపలి పొర ఉండాల్సినదానికన్నా చాలా మందంగా ఉందన్నారు. అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం రేపు పదకొండింటికి వస్తుంది. అది ఒట్టి మందమేనా, లేక నేను పైకి అనడానికి భయపడుతున్న ఆ రెండో మాటా అన్నది కవరు విప్పితే గానీ తెలియదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాస్కు ఎందుకే అని అమ్మ అడిగితే దుమ్ము పడట్లేదన్నాను. పార్లర్లో దారం పని అమ్మకే వదిలేసి, అన్నం నా గదిలోకి తెచ్చుకుని తింటున్నాను. మూడు వారాలుగా మా వీధిలో లేని దుమ్మంతా నా ముక్కులోకే వస్తోంది.

గడ్డం పెంచడం నా సరదా కాదు, డాక్టరమ్మ ఆజ్ఞ. దాని వెనక మా ఇంటికి మాత్రమే చేతనయ్యే ఒక తెలివితక్కువ పని ఉంది. రెండేళ్ళ కిందట ఇదే బాధతో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వెళ్ళే రోజు పొద్దున్నే అమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పైపెదవి, గడ్డం, చెంపలు అన్నీ దారంతో నున్నగా తీసేసింది. "పెద్ద డాక్టరు ముందు శుభ్రంగా కూర్చోవాలి" అంది. ఆ డాక్టరు నా మొహం ఎగాదిగా చూసి, మొహం మీద వెంట్రుకలు లేవని రాసుకుని, బరువు తగ్గమనీ మనసు ప్రశాంతంగా ఉంచుకోమనీ చెప్పి పంపేశారు. జబ్బు తన ఆనవాలు నా మొహం మీదే రాసిపెట్టింది. డాక్టరు చదవకముందే మా అమ్మ దాన్ని చెరిపేసింది. అమ్మ పనితనం అలాంటిది, ఒక్క అక్షరం మిగల్చలేదు. అలా రెండేళ్ళు పోయాయి.

ఇప్పటి డాక్టరమ్మ అలా మోసపోలేదు. నా గడ్డం కింద దారం కోసిన సన్నటి ఎర్రగీత చూసి, "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగారు. పార్లర్లో అన్నాను. "అయితే నీ మొహం నాకు అబద్ధం చెబుతోంది. మూడు వారాలు దారం తగలనివ్వకుండా రా" అన్నారు. ఈ రోజు పొద్దున మాస్కు తీసి చూపించాను. ఆవిడ లైటు దగ్గరికి లాక్కుని చూశారు. తర్వాత రాసుకున్నారు. నాకు మాత్రం బట్టల్లేకుండా నిలబడ్డట్టే ఉంది.

"ఇది నాకెందుకొచ్చింది డాక్టరమ్మా? నేనేం పాపం చేశాను?" అన్నాను.

"పాపపుణ్యాలు నా డిపార్టుమెంటు కాదమ్మా" అన్నారావిడ, ఇంకా రాస్తూనే. "ప్రతి ఆడదాని ఒంట్లోనూ మగ హార్మోను కాస్త ఉంటుంది. నీలో కాస్త కాదు, బాగానే ఉంది. అందుకే గడ్డం, అందుకే నడినెత్తిన జుట్టు పల్చబడటం. నెలనెలా ఒక అండం ఎదిగి బయటికి రావాలా? ఆ హార్మోను ఎక్కువైతే సగంలోనే ఆగిపోతుంది. స్కానింగులో నీటిబుడగలని అంటారే, అవి బుడగలు కావు. ఎదగకుండా నిలిచిపోయిన అండాల తిత్తులు."

"మరి ఆ హార్మోను ఎందుకు ఎక్కువైంది?"

"మెదడు నుంచి అండాశయానికి అందే ఆజ్ఞలు లెక్క తప్పడం కొంత. ఇన్సులిన్ కొంత. ఇన్సులిన్ వచ్చి తలుపు కొడితే నీ ఒళ్ళు సరిగ్గా తియ్యట్లేదు. తియ్యకపోతే ఏం చేస్తారు? ఇంకా గట్టిగా బాదుతారు. అలా ఎక్కువెక్కువగా తయారైన ఇన్సులిన్ పోయి అండాశయాన్ని కూడా తట్టి లేపుతుంది. అదేమో మగ హార్మోనుని ఇంకా చేస్తుంది."

"అంటే నా తిండి వల్లేనన్నమాట."

"తిండీ బరువూ దాన్ని పెంచి పోషిస్తాయి. విత్తనం మాత్రం చాలావరకు నెత్తుట్లోనే ఉంటుంది. ఏదో ఒక్క జన్యువు కాదు, చిన్నాచితకవి చాలా కలిసి వస్తాయి. అమ్మ వైపు నుంచి రావచ్చు, నాన్న వైపు నుంచీ రావచ్చు. సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది. అందుకే మీ అమ్మగారి సంగతి నాకు కావాలి" అని ఈ కాగితం తీసి ఐదు ప్రశ్నలు రాశారు. ఐదోదాని కింద రెండు గీతలు గీశారు.

ఎందుకన్నట్టు చూశాను.

"నీకు చెప్పాను కదా, రాలిపోవాల్సిన పొర రాలకుండా ఏళ్ళ తరబడి పేరుకుంటే అందులో చెడు పుట్టే ప్రమాదం ఉంటుందని. నీ వయసుకి ఆ అవకాశం తక్కువ. తక్కువని చూడకుండా కూర్చోలేక ముక్క తీయించాను. మీ అమ్మగారి వయసుకి అంత తక్కువ కాదు. నెలసరి పూర్తిగా ఆగిపోయిన మనిషికి తర్వాతెప్పుడైనా ఒక్క చుక్క కనబడినా సరే, ఆ రోజే రావాలి. చాలామందికి ఏమీ ఉండదు. ఉన్నవాళ్ళకి మాత్రం మొట్టమొదట చెప్పేది ఆ చుక్కే."

'తక్కువ' అన్న మాటను బస్సులో దారి పొడుగునా నమిలాను. తక్కువ అంటే ఎంత తక్కువ? వందలో ఒకరా? ఆ ఒక్క మనిషీ ఇలాగే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తనకు కాదులే అనుకుంటూ ఇంటికి వెళ్ళి ఉంటుంది కదా. ఈ ఆలోచనలో పడి దిగాల్సిన స్టాపు దాటి పోయి, వెనక్కి నడిచి వచ్చాను.

మధ్యాహ్నం రెండు దాటింది. రెండు నుంచి నాలుగు వరకు మా పార్లర్ మూసి ఉంటుంది. జిరాక్సు షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుకుగా ఒక గది, ముందు అద్దాల తలుపు, లోపల గులాబీ రంగు కర్టెను, రెండు కుర్చీలు. మొదటి కుర్చీ అమ్మది, రెండోది నాది. అద్దం పైన ట్యూబులైటు, పక్కన మేకుకి దారపు రీలు, రీలు పక్కన అమ్మమ్మ ఫొటో. అమ్మమ్మ ఫొటోలన్నిట్లోనూ గడ్డం కింద చెయ్యి పెట్టుకునే ఉంటుంది. ఆవిడ పెద్ద ఆలోచనాపరురాలని చిన్నప్పుడు మేమందరం అనుకునేవాళ్ళం. నాకు పదేళ్ళప్పుడు కడుపులో గడ్డతో పోయింది.

మా అమ్మ గురించి ఒక ముక్క చెప్పాలి. దారం ఒక కొస పళ్ళతో బిగించి పట్టుకుని, రెండో కొస వేళ్ళకు మెలేసి పని చేస్తుంది. దారం నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడదు. అది ఆవిడ నియమం, ఆవిడ దగ్గర పని నేర్చుకున్న నాకూ అదే నియమం. బిగువు తప్పిందంటే చర్మం తెగుతుంది. "దారం నోట్లో ఉంటే భూకంపం వచ్చినా నోరు తెరవకూడదే" అని నాకు పదహారో ఏట మొట్టికాయలు వేసి మరీ నేర్పింది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఇదెంత సుఖమో చెప్పలేను. ఎదుటి మనిషి అడ్డుపడదు, సలహా ఇవ్వదు, అయ్యో అనదు. కళ్ళు మూసుకుని వాళ్ళంతట వాళ్ళే అన్నీ చెప్పేసుకుంటారు. ఈ వీధిలో ఎవరి మొగుడు ఎలాంటివాడో మా అమ్మకి తెలిసినంతగా వాళ్ళ అత్తలకి కూడా తెలియదు. కానీ మా అమ్మ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. నాకూ తెలియదని ఈ మధ్యాహ్నమే అర్థమైంది.

అద్దాల తలుపు తోసేసరికి కర్టెను వెనక నుంచి మా చెల్లి బయటికి వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల. ఒక చోట కుదురుగా నిలబడదు కాబట్టి ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. పరీక్షల ముందు సెలవులు. చేతిలో ఐసుముక్క, దాన్ని పైపెదవికి రాసుకుంటోంది. పెదవి పైన చర్మం కందిపోయి ఉంది.

దాని గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పాను.

"ఏంటే అది?"

"అమ్మ తీసింది అక్కా. పోయిన నెల కూడా తీసింది" అని గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పొద్దంది. నీక్కూడా."

"నీకు నెలనెలా సరిగ్గా వస్తోందా?"

పిచ్చుక మొహం కందగడ్డ అయిపోయింది. "ఛీ, ఏంటక్కా! ... రెండు నెలలైంది. అయినా అమ్మ అంది, మన ఇంట్లో అంతేనట, అదే సర్దుకుంటుందట."

మన ఇంట్లో అంతే. ఆ మూడు మాటలు వినగానే నా భయం ఇంకో మెట్టు ఎక్కింది. నా కవరు సంగతి రేపటిది. ఈ పిల్ల సంగతి ఈ రోజే మొదలైపోయింది, అదీ నా మొహాన్ని చెరిపేసిన ఆ చేతులతోనే. పిల్లని ఇంటికి పోయి అన్నం తినమని పంపేసి, తలుపు గడియ పెట్టి, కర్టెను పక్కకి తోసి లోపలికి వెళ్ళాను.

అమ్మ రెండో కుర్చీలో కూర్చుని తువ్వాళ్ళు మడత పెడుతోంది. అమ్మకి యాభై అయిదేళ్ళు. సన్నగా, నిటారుగా ఉంటుంది. మొహం అద్దంలా ఉంటుందని కస్టమర్లు ముచ్చటపడతారు.

"గడియ ఎందుకు పెట్టావు? అన్నం తిన్నావా? ఆ మాస్కు తియ్యి ముందు, లోపల దుమ్మేం లేదు" అంది తలెత్తకుండానే.

తీశాను.

అమ్మ చేతిలో తువ్వాలు కింద పడింది. నేను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గబుక్కున లేచి కర్టెను లాగింది. అది చాలక ట్యూబులైటు ఆర్పేసింది. ఎవరో తుపాకీ పట్టుకుని వీధిలోకి వచ్చినట్టు చేసింది. అంత భయం మా అమ్మ కళ్ళల్లో నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరైనా చూశారా?" అంది గుసగుసగా.

"డాక్టరమ్మ చూసింది. ఆవిడే పెంచమంది."

"మతి పోయిందా ఆవిడకి? కూర్చో. కూర్చోవే ముందు." రీలు నుంచి దారం తెంపి, కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. చీకట్లోనే, కళ్ళజోడు లేకుండా, నా గడ్డం వైపు చేతులు చాపింది.

"నేను కూర్చోను. నీతో మాట్లాడాలి."

దారం నోట్లో ఉంది కాబట్టి మాట్లాడనన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మాటలు వినడానికి పనికొచ్చిన ఆ దారం, కూతురి మాటకి బదులివ్వకుండా తప్పించుకోవడానికి కూడా పనికొస్తుందన్నమాట. నాకు కోపం నషాళానికంటింది. చెయ్యి చాపి ఆ దారం పట్టుకుని లాగేశాను. పుట్టి బుద్ధెరిగాక అమ్మ నోట్లోంచి దారం లాగడం అదే మొదటిసారి.

"పిచ్చుకకి కూడా మొదలుపెట్టావా?"

అమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"చెప్పు. దానికీ చెరిపేస్తావా? నాకు చేసినట్టే చేస్తావా? నున్నగా తీసేసి, ఏం లేదు పో అని పంపేస్తావా? నా కడుపులో ఏముందో తెలుసా నీకు? రేపు పదకొండింటికి తెలుస్తుంది. ముక్క తీసి పరీక్షకి పంపారు."

చెప్పకూడదనుకున్నది అలా నోరు జారిపోయింది. అమ్మ మెల్లగా కుర్చీలో కూలబడింది.

"గడ్డా?" అంది.

"తెలీదు. గడ్డ కాదనే అంటున్నారు. లోపలి పొర మందంగా ఉందట."

జిరాక్సు షాపులో మెషిను గోడకవతల ఆగి ఆగి మోగుతోంది. అమ్మ అద్దంలో తనని తాను చూసుకుంటూ, నాతో కాకుండా అద్దంతో చెప్పినట్టు చెప్పింది.

"ఈ పార్లర్ ఎందుకు పెట్టానో తెలుసా నీకు?"

"నీకు పని వచ్చు కాబట్టి."

"పని రాదు. పెట్టాక నేర్చుకున్నాను. నాకు ఒక గదీ, లోపల గడియా, ఒక అద్దం, గట్టి లైటూ కావాల్సొచ్చాయి. ఇంట్లో అవి లేవు. మీ నానమ్మ బాత్రూం తలుపు బాదేది. అందుకని పార్లర్ పెట్టాను."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. రోజూ అందరికన్నా గంట ముందు పార్లర్‌కు వచ్చే మా అమ్మ. ఊడ్చుకోవాలి, సర్దుకోవాలి అంటూ ఒక్క రోజు కూడా నన్ను తనతో రానివ్వని మా అమ్మ. జ్వరమొచ్చినా సెలవు పెట్టని మా అమ్మ. అద్దంలాంటి మొహం.

"రోజూనా?" అన్నాను.

"రోజూ. పెళ్ళికి ముందు నుంచీ." దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెబుతోంది. "మీ నాన్నకి తెలీదు. ముప్పై ఏళ్ళు. రైల్వే గార్డు ఉద్యోగం కాబట్టి వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు, బతికిపోయాను. తెలిస్తే ఏమనుకుంటాడో, మగరాయుడిని కట్టుకున్నాననుకుంటాడేమో అని రోజూ పొద్దున లేస్తూనే భయం. నిద్రలో ఆయన చెయ్యి నా మొహానికి తగిలితే ఉలిక్కిపడి లేచేదాన్ని. నువ్వు పుట్టాక పన్నెండేళ్ళు ఇంకోటి నిలవలేదు. మీ నానమ్మ 'మీ వైపు నెత్తురే అంత' అనేది. నిజమే కదా అని నోరెత్తేదాన్ని కాదు. మా అమ్మకీ ఉండేది." ఫొటో వైపు చూసింది. "ఎందుకనుకున్నావు ఆ చెయ్యి?"

గడ్డం కింద చెయ్యి. ఆలోచన కాదు, ఏమీ కాదు. జీవితమంతా ఒక చెయ్యి దానికే కాపలా పెట్టి, ఒంటి చేత్తో సంసారం ఈదుకొచ్చింది మా అమ్మమ్మ. నాకు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను.

"నీకు పద్నాలుగో ఏట గడ్డం కింద మొదటి వెంట్రుక కనబడినప్పుడు ఆ రోజంతా నేను అన్నం తినలేదు" అంది అమ్మ. "నా నుంచే వచ్చింది కదా. ఎవరూ చూడకముందే తీసేస్తే లేనట్టే అనుకున్నాను. నాకు చేతనైంది అదొక్కటే."

నేను కింద కూర్చుని అమ్మ మోకాళ్ళ మీద చేతులు వేశాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పాను. హార్మోను, ఇన్సులిన్, తలుపు తియ్యని ఒళ్ళు, అన్నీ. అమ్మ పాఠం వింటున్న పిల్లలా విన్నది. నాన్న వైపు నుంచి కూడా రావచ్చు అన్న మాట దగ్గర మాత్రం ఠక్కున ఆపింది.

"ఏంటీ? మళ్ళీ చెప్పు."

"మగవాళ్ళూ మోసుకొస్తారట. వాళ్ళకి బయటపడదంట. అంతా నీ వైపు నుంచే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు."

"మీ నానమ్మకి మీసాలుండేవే" అంది అమ్మ. "సన్నగా. ఆవిడకి ఎవరూ చెప్పే ధైర్యం చెయ్యలేదంతే." అని నవ్వింది. ముప్పై ఏళ్ళు మోసిన మూట సగానికి సగం దింపినట్టు, కళ్ళల్లో నీళ్ళతో నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఒక్క క్షణం రేపటి పదకొండు గంటలు మర్చిపోయాను.

ట్యూబులైటు వేసి కాగితం తీశాను. బల్ల మీద పెట్టి, పెన్ను విప్పి, ఒక్కొక్కటీ అడిగాను. నెలసరి సక్రమంగా వచ్చేదా? ఎప్పుడూ రాలేదు, మూడు నెలలకోసారి, నాలుగు నెలలకోసారి. పిల్లలు నిలవడం కష్టమైందా? అయింది. మొహం మీద వెంట్రుకలు? అమ్మ 'రాసుకో' అంది గర్వంగా. షుగరు? ఎప్పుడూ చూపించుకోలేదు. నాలుగు జవాబులు రాశాను. ఐదో ప్రశ్న చదవబోతుంటే అమ్మ కాగితం మీద చెయ్యి పెట్టింది.

"ఇంక చాల్లే, తర్వాత. నాలుగింటికి మనిషి వస్తుంది. ముందు నాకో పని చేసి పెట్టు." సిగ్గుపడుతున్నట్టు తల దించుకుంది. "చత్వారం ముదిరింది. కళ్ళజోడు పెట్టుకుంటే దారం అందదు, తీస్తే వెంట్రుక కనబడదు. ఎన్ని మిగిలిపోతున్నాయో నాకే తెలియట్లేదు. నిన్న ఒకావిడ నా గడ్డం వంక అదోలా చూసింది. రాత్రంతా అదే బెంగ. చూసి తీసిపెట్టవే."

డాక్టరమ్మ నీ మొహం కూడా చూడాలంటుందమ్మా, ఉండనియ్యి అనాల్సింది. అనలేకపోయాను. ముప్పై ఏళ్ళుగా ఎవరినీ తాకనివ్వని మొహం అది. నాకు ఇస్తోంది. ఇప్పుడు వద్దంటే ఆ తలుపు మళ్ళీ ఎప్పటికీ తెరవదు. సరేలే, నాలుగు వెంట్రుకలు ఉంచేసి పైపైన తీద్దామనుకున్నాను.

అమ్మ మొదటి కుర్చీలో కూర్చుంది. తను నిలబడి పనిచేసే కుర్చీలో, కస్టమర్‌లా, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. నేను పౌడరు అద్దాను. లైటు కింద చూస్తే గడ్డం కింద అక్కడక్కడ తెల్లవీ నల్లవీ బిరుసుగా తగిలాయి. నా వాటిలాగే, సరిగ్గా అదే చోట. దారం తెంపి, కొస పళ్ళ మధ్య బిగించి, వేళ్ళకు మెలేశాను. మొదటి వెంట్రుక వచ్చింది. అమ్మ 'స్స్' అని, "నీ చెయ్యి తేలికే" అంది.

కుర్చీలో కూర్చున్న అందరిలాగే, కళ్ళు మూసుకున్నాక, అమ్మ కూడా మాట్లాడటం మొదలుపెట్టింది.

"నువ్వేం భయపడకు రేపటి గురించి. నేనూ వస్తాను నీతో. నీకు అలాంటిదేం ఉండదు. ఎనిమిది నెలలు రాకపోతే ఏమైందే, అవే వస్తాయి."

రెండో వెంట్రుక. మూడోది.

"నన్ను చూడు. నీకు చెప్పలేదు, ఈ వయసులో ఏం చెప్పుకుంటాం, నవ్వుతారు. నాకు ఆగిపోయి నాలుగేళ్ళు కాలేదూ? ఇక ముసలిదాన్నయిపోయానులే అనుకున్నాను. మళ్ళీ మొదలయ్యాయే."

నా వేళ్ళు ఆగిపోయాయి.

"మూడు నెలల నుంచీ. మొదట ఏదో కొంచెం మరక. ఇప్పుడు బాగానే. వారం క్రితం నాలుగు రోజులు వదల్లేదు. జీవితంలో ఎప్పుడూ నాకు ఇలా వరసగా రాలేదు, ఇప్పుడు వస్తున్నాయి చూడు వింత." పెదవుల మీద చిన్న నవ్వు, దాచుకున్న నగ ఎవరికో చూపిస్తున్నట్టు. "మనింటి ఆడవాళ్ళవి గట్టి ఒళ్ళు. మా అమ్మకీ అంతే తెలుసా, అన్నీ అయిపోయిన పదేళ్ళకి మళ్ళీ వచ్చాయి. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఆశ్చర్యపోయారు. పాపం, ఆ ఏడాదే ఆ కడుపులో గడ్డ రాకపోతే ఇంకా ఎన్నేళ్ళు బతికేదో."

పళ్ళ మధ్య దారం బిగిసి ఉంది. దాన్ని వదిలితే చేతులు జారతాయి, అమ్మ చర్మం తెగుతుంది. వదలకపోతే మాట రాదు. వదిలినా ఏ మాట వస్తుందో నాకు తెలియదు. బల్ల మీద కాగితం ఫ్యాను గాలికి లేస్తూ పడుతోంది. ఐదో ప్రశ్న కింద డాక్టరమ్మ గీసిన రెండు గీతలు ఇక్కడికి కనబడుతున్నాయి. దాని ఎదురుగా చోటు ఖాళీగా ఉంది.

అమ్మ కళ్ళు తెరవలేదు. గడ్డం ఇంకొంచెం పైకెత్తింది.

"ఏంటే, ఆగిపోయావు? కానీ మరి, నాలుగింటికి మనిషి వస్తుంది."